సీసం నింపిన పాచిక

ఎవరికీ తెలియని తప్పును ఒప్పుకుంటే మిమ్మల్ని నమ్ముకున్నవారికి ముప్పు వస్తుందనుకోండి, ఒప్పుకుంటారా? తొందరపడి జవాబివ్వకండి. నేను తొందరపడ్డాను.

మా మేనమామ త్రాసులు బాగుచేస్తాడు. దుకాణం పైగదిలో మెరుగుపెట్టిన ఇత్తడి పళ్ళేలు గొలుసులకు వేలాడుతుంటాయి. మధ్యాహ్నపు ఎండ వాటిమీద పడి, గది కప్పుమీద గుండ్రటి వెలుగులై ఈదుతుంది. ఎవరైనా కాస్త గట్టిగా నిట్టూర్చినా ఆ వెలుగులు చలిస్తాయి. ప్రతి ఆదివారం నలుగురం అక్కడ చేరి, కథల ఆట ఆడుతూ లేని లోకంలోకి వెళ్తాం.

కథ నడిపేది రిటైరైన నర్సు. మిగిలిన ముగ్గురికీ తలా ఒక పాత్ర. ఏం చేయదలచామో చెప్పి ఇరవై ముఖాల పాచిక వేస్తాం; పెద్ద అంకె పడితే నెగ్గినట్టు. మాతో ఆడే బస్సు డ్రైవరుది దొంగ పాత్ర, నేను మంత్రగత్తెను, మామయ్య తొమ్మిదేళ్ళుగా ధర్మయోధుడు. ధర్మయోధుడి దైవబలం ఊరికే రాదు. ప్రతిజ్ఞను సొంత దస్తూరితో రాసి బల్లమీద ఉంచాలి. మాట తప్పితే ఆ కాగితాన్ని తానే చింపి, బలాన్ని వదులుకోవాలి. మామయ్య రాసుకున్నవి రెండే వాక్యాలు: మోసంతో గెలవను, శరణన్నవారిని విడవను. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. ఒకరి పాచిక మరొకరు ముట్టరు.

ఆ వారం ఆట మంచులో తేలే ఒక పట్టణం దగ్గర ఆగింది. గంట మోగినప్పుడల్లా మంచు విడిపోయి, మళ్ళీ నెమ్మదిగా దగ్గరకు చేరే పట్టణం. గోడల వెలుపల శత్రుసేన. లోపల శరణు కోరిన మూడువందలమంది. ద్వారం దగ్గర మా ధర్మయోధుడొక్కడే.

శనివారం నేను వెళ్ళేసరికి మామయ్య ఒక గాజుగ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. పళ్ళేలు తోమడానికి కలిపిన చిక్కటి ఉప్పునీళ్ళలో అతని పాచిక చేయిజారి పడి, తేలుతోంది. వేలితో తిప్పాడు. పద్దెనిమిది పైకొచ్చింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ పద్దెనిమిదే.

ఆరేళ్ళ క్రితం ఆ పాచికకు పద్దెనిమిది పక్కన చిన్న పెచ్చు ఊడింది. అరిగిన తూనికరాయిని తొలిచి, సీసం నింపి, బరువు సరిచేయడం అతనికి నిత్యకృత్యం. పెచ్చు ఊడిన చోటు పెళుసుగా ఉందని, దానికి ఎదుటి ముఖమైన మూడు దగ్గర తొలిచి, పాచికకూ అదే వైద్యం చేశాడు. బరువు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. సీసమున్న వైపు అడుక్కు దిగి, ఎదుటి ముఖం పైకి లేస్తుందన్న ఆలోచన మాత్రం రాలేదు. రాళ్ళను దొర్లించి చూసే అవసరం అతనికెన్నడూ కలగలేదు మరి.

"తెలియక చేసింది మోసం కాదు మామయ్యా. ఉద్దేశం లేనిదే నేరం లేదు."

"పొద్దున్నదాకా తెలీదమ్మా. రేపు వేస్తే తెలిసే వేస్తాను."

చప్పుడు చేయకుండా వేరే పాచిక తెచ్చుకోమన్నాను. అప్పుడు దాచినట్టవుతుంది కదా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కాగితం చింపితే రెండో వాక్యం ఏమవుతుందని, ఆ మూడువందలమందికి దిక్కెవరని నిలదీశాను. అతను కుర్చీలోనే కళ్ళు మూసుకున్నాడు. పళ్ళేల వెలుగులు అతని ముఖంమీదుగా మెల్లగా దాటిపోయాయి.

లేచాక చెప్పాడు, కునుకులో ఆ పట్టణానికి వెళ్ళివచ్చానని. మంచులోంచి ఒక్కొక్కరే వచ్చి అతని చేయి తాకి చూశారట. ఎంత బలముందని ఎవరూ అడగలేదట. ఉంటావా అని మాత్రం అడిగారట.

ఆదివారం అందరూ కూర్చోగానే గ్లాసును బల్ల మధ్యన పెట్టి, పాచిక అందులో వేసి, జరిగినదంతా చెప్పాడు.

డ్రైవరు వంగి చూశాడు. "అందుకేనా గురూ, నేను పిట్టగోడ దూకితే కాలు విరిగేది, నీకేమో కొండలు దారిచ్చేవి! ఇన్నాళ్ళూ దొంగని నేననుకున్నాను." మామయ్య నవ్వలేదు. ఆ తర్వాత డ్రైవరూ నవ్వలేదు.

నర్సు గ్లాసును తన వైపు జరుపుకుంది. "చింపితే నువ్వు మామూలు మనిషివి తమ్ముడూ. ద్వారం నిలవకపోవచ్చు. ముట్టడి అయ్యాక చెప్పావనుకుందాం, ఏమంటావు?"

తలూపమని మనసులో అతణ్ణి బతిమాలాను.

మామయ్య కాగితాన్ని రెండుగా చింపాడు. తర్వాత చేయి చాచి, డ్రైవరు పాచికను అరువడిగాడు. డ్రైవరు వేలితో దాన్ని ముందుకు నెట్టాడు.

"బలం తీసేసుకో అక్కా," అన్నాడు మామయ్య. "మనిషి మాత్రం ద్వారం దగ్గరే ఉంటాడు."