ఇద్దరే కోరిన పాట

రేడియోలో పేరు వినపడటం వల్ల పెళ్లయిపోయిన మనిషి, నాకు తెలిసినంతలో మా అక్క ఒక్కతే.

డెబ్బైల చివర మేం నందిగామలో ఉండేవాళ్లం. నాన్నకు పురుగుమందుల కొట్టు ఉండేది. అక్క డిగ్రీ చదువుతోంది, నేను హైస్కూల్లో ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో శ్రోతలు కోరిన పాటలు వేసేవారు. ఫలానా పాట కావాలని కార్డు రాస్తే, ఆ పాటకు ముందు మన పేరూ ఊరూ చదివేవారు. మాలాంటి ఆడపిల్లల పేరు ఊరందరికీ తెలియాలంటే పరీక్షలో ఫస్టు రావాలి, లేదా ఇంట్లోంచి పారిపోవాలి. కార్డు రాయడం ఈ రెండింటికన్నా తేలిక.

అక్కకు మాత్రం పేరు కన్నా పాటే ముఖ్యం. కూరలు తరుగుతూ, జడ వేసుకుంటూ పాడుకునేది. అప్పట్లో ఒక యుగళగీతం ఆమెకు మరీ ఇష్టం. నాన్నకు చెప్పకుండా దానికి కార్డు రాసింది.

మామూలుగా ఒక్కో పాటకు బారెడు పేర్లు చదివేవారు. మా ఖర్మ కొద్దీ ఆ ఆదివారం ఆ పాట కోరినవాళ్లు ఇద్దరే. "నందిగామ నుంచి" అంటూ అనౌన్సరు అక్క పేరు చదివింది. అక్క చేతిలో అన్నం ముద్ద అలాగే ఆగిపోయింది, ముఖం వెలిగిపోయింది. ఆ సంతోషం ఒక్క క్షణం. వెంటనే "జగ్గయ్యపేట నుంచి" అని ఒక మగపిల్లాడి పేరు వచ్చింది. ఆ తర్వాత ఇంకెవరూ లేరు. పాట మొదలైంది. అది చాటుగా ప్రేమించుకునే జంట పాడుకునే పాట.

నాన్న తినడం ఆపి, "ఎవడాడు?" అన్నాడు.

"తెలీదు నాన్నా."

"తెలీకుండానే ఇద్దరూ ఒకే పాట అడిగారా?"

జరిగింది సరిగ్గా అదే.

సాయంత్రానికి పక్కింటి అత్తయ్యగారు వచ్చి అమ్మతో, "పాట బాగుంది వదినా. ఇంతకీ పిల్లాడేం చేస్తాడు?" అంది. మర్నాడు కొట్టుకు వచ్చిన వీరులపాడు రైతొకాయన మందు డబ్బా సంచిలో వేసుకుంటూ, "మీ అమ్మాయిది రేడియోలో ఇన్నానండి" అన్నాడట. ఏమిటి విన్నాడో చెప్పలేదు. అదే నాన్నను ఎక్కువ బాధపెట్టింది.

ఆ వారంలోనే ఆయన కొట్టు మూసి జగ్గయ్యపేట బస్సెక్కాడు. కుర్రాణ్ని పట్టుకుని చివాట్లు పెట్టి రావాలన్నది ఆలోచన. అంత ఊళ్లో ఎక్కడ వెతకాలా అనుకున్నాడు గానీ, బస్టాండు దగ్గర సైకిల్ షాపులో పేరు చెప్పగానే "రేడియో అబ్బాయా అండి? రండి" అంటూ ఇంటిదాకా దిగబెట్టారు. ఆ అబ్బాయిది సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం, అప్పుడు డ్యూటీలో ఉన్నాడు. వాళ్ల నాన్న అరుగు మీద కూర్చున్నాడు. నాన్న నోరు తెరిచేలోపు ఆయనే అందుకున్నాడు.

"నందిగామ అమ్మాయి తండ్రి మీరేనా? ఆడపిల్లని కాస్త కనిపెట్టుకుని ఉండొద్దా అండి?"

కాసేపు ఇద్దరూ గట్టిగానే అనుకున్నారు. తర్వాత మంచినీళ్లు వచ్చాయి. ఆయన మిరప తోటకు తెగులు పట్టిందన్న మాట వచ్చింది. నాన్నకు మందులు తెలుసు. ఇంటిపేర్లు తవ్వుకుంటూ పోతే ఏదో దూరపు చుట్టరికం తేలింది. కాఫీ వేళకు "ఏవండీ" కాస్తా "బావగారూ" అయింది. పిల్లలిద్దరికీ ముఖపరిచయమైనా లేదని పెద్దవాళ్లిద్దరికీ నమ్మకం కుదిరింది. కానీ రెండు ఊళ్లలో ఆ మాట ఎవరు నమ్ముతారు? పుకారు ఆగాలంటే దాన్ని నిజం చేసేయడమే మంచిదని తేల్చుకుని నాన్న బస్సెక్కాడు.

అక్క కొన్నాళ్లు అన్నం సరిగా తినలేదు. తర్వాత ఒకనాడు దండెం మీద బట్టలు ఆరేస్తూ, "అన్ని పాటలుండగా ఆ పాటే అడిగాడంటే మనిషి మంచోడే అయ్యుంటాడే" అంది నాతో. అంతకన్నా చిన్న ఆధారాల మీద పెళ్లిళ్లు జరిగే కాలం అది.

పెళ్లిచూపులకు ఆ అబ్బాయి చెవులు కప్పే జుట్టుతో, నేల ఊడ్చే బెల్‌బాటం ప్యాంటుతో వచ్చాడు. ఏమన్నా అడగమ్మా అంటే, అక్క తల దించుకునే, "ఆ పాటలో మీకు ఏ చరణం ఇష్టమండి?" అంది.

ఆయన ఆలోచించి, "రెండోదండి" అన్నాడు.

రేడియోలో టైము చాలక రెండో చరణం ఎప్పుడూ కోసేసేవారు. రికార్డు సంపాదించి వినే మనిషన్నమాట, అనుకుని అక్క ఒప్పేసుకుంది.

పెళ్లయ్యాక, జగ్గయ్యపేటలో మొదటి ఆదివారమే అసలు సంగతి బయటపడింది. పేర్లు చదివేటప్పుడు బావ రేడియో గట్టిగా పెట్టాడు. తన పేరు రాగానే వీధిలోకి వెళ్లి "విన్నారా?" అని కనపడినవాళ్లందరినీ అడిగాడు. తిరిగొచ్చేసరికి పాట అయిపోయింది.

"మరి మన పాటండీ?" అంది అక్క.

"నేను అన్నిటికీ రాస్తాగా. అదేదో గుర్తులేదు."

"రెండో చరణం అన్నారుగా."

"మొదటిదంటే అందరూ చెప్పేదే కదా అని."

నందిగామ వచ్చినప్పుడు అక్క నాకు ఇదంతా చెప్పింది. నేను నవ్వితే ఏడ్చింది, ఏడుస్తూ మధ్యలో తనూ నవ్వింది. తిరిగి వెళ్లాక రేడియోను వంటింట్లోకి మార్చి, ఆదివారం మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని పాటలు వినడం మొదలుపెట్టింది. బావకు కిటికీలోంచి పేరు వినపడేది, అది చాలు ఆయనకు. అయితే కొన్నాళ్లకు కార్డుల మీద తన పేరు కన్నా ముందు అక్క పేరు రాయసాగాడు. ఎవరూ అలా రాయమనలేదు. రేడియోలో రెండు పేర్లూ వరసగా విన్న ఆదివారం అక్క గడియ తీసింది.

ఎనభైల్లో టీవీలు వచ్చాయి. వీధిలో ముందు కొన్నది బావే. పాటల కార్యక్రమం చివరిదాకా కదలకుండా చూసి, "పేర్లు చదవరా?" అని అడిగాడు. చదవరు. ఆ నిరాశలోనే కాబోలు టేపు రికార్డరు కొని, సాయంత్రాలు అక్క పక్కన కూర్చుని పాత పాటల క్యాసెట్లు వినడం మొదలుపెట్టాడు. ఏ మాటకు ఏం అర్థమో అక్కను అడిగేవాడు. పేరు చదవకపోయినా పాట బాగానే ఉంటుందని అప్పటికి తెలిసింది ఆయనకు.

ఆ దశాబ్దం అయ్యేసరికి ల్యాబులో కొత్తగా చేరిన కుర్రాళ్లను ఇంటికి పిలిచి, "మా రోజుల్లో ప్రాణం పెట్టి వినేవాళ్లం అబ్బాయిలూ" అని చెప్పేవాడు. కాఫీలు అందిస్తూ అక్క ఆ మాట వినేది, కాదనేది కాదు. ఎందుకూరుకుంటావని నేనొకసారి అడిగాను.

"ఇప్పుడు వింటున్నాడుగా, పోనీలే" అంది.