బుధవారం ఉదయాల తుఫాన్లు

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవైకి వచ్చిన రెండో చలికాలంలో నేను తుఫాన్లు వెతికే పనిలో చేరాను. జీతం లేని పని. మా ఆయన వీసా మీద ఆధారపడి వచ్చినదాన్ని కాబట్టి ఉద్యోగం చేయడానికి అప్పట్లో నాకు అనుమతి లేదు. అనంతపురంలో ఆరేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి వచ్చాను. ఇక్కడ పాపను స్కూల్ బస్సు ఎక్కించాక మధ్యాహ్నం మూడున్నర దాకా చేసేదేమీ ఉండేది కాదు. ఇల్లు రెండుసార్లు సర్దినా పదకొండు కూడా అయ్యేది కాదు.

లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. ఒక యూనివర్సిటీ వాళ్ల దగ్గర పాత శాటిలైట్ ఫోటోలు వేలకొద్దీ ఉన్నాయట. ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రాల మీద పుట్టే చిన్న చిన్న తుఫాన్లను వాటిలో గుర్తు పెట్టడానికి వాలంటీర్లు కావాలట. ప్రతి బుధవారం ఉదయం పదింటికి, మేడ మీది చిన్న గదిలో.

వెళ్తే అక్కడ ఒక్కరే ఉన్నారు. డెబ్బై దాటిన అమెరికన్ ఆవిడ. మోచేతుల దగ్గర అరిగిపోయిన ఉన్ని స్వెటరు, పక్కన టీ ఫ్లాస్కు. అలాస్కా తీరంలో ఒక చిన్న వాతావరణ కేంద్రంలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి, రిటైరయ్యాక చెల్లెలికి దగ్గరగా ఉందామని మిషిగన్ వచ్చారట. మేమిద్దరం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే అయినా, ఆవిడ మాటలు నాకెందుకో తెలుగులోనే గుర్తున్నాయి.

మొదటి రోజే నా అనుమానం అడిగేశాను. "అంత చల్లటి చోట తుఫాను ఎలా పుడుతుందండీ? మా బంగాళాఖాతంలో తుఫాను రావాలంటే నీళ్లు బాగా వేడెక్కాలి."

ఆవిడ ఫ్లాస్కు మూత బిగించారు. "వచ్చే బుధవారం ఇక్కడికి రావద్దు. మీ పాప బస్సెక్కాక నేనే వచ్చి తీసుకెళ్తాను" అన్నారు.

తీసుకెళ్లింది ఊరి బయట ఉన్న ఒక చెరువు దగ్గరికి. డిసెంబరు మొదట్లో మాట. ఇంకా గడ్డకట్టలేదు. ముందురోజే ఉత్తరం నుంచి చలిగాలి దిగింది. చెరువు మొత్తం పొగలు కక్కుతోంది, కింద ఎవరో మంట పెట్టినట్టు.

"గ్లౌజు తీసి నీళ్లలో చెయ్యి పెట్టు."

పెట్టాను. గాలికంటే నీళ్లే నయంగా ఉన్నాయి. చెయ్యి బయటికి తీయగానే వేళ్లు కోసేసినట్టయింది.

"ఇక్కడ జరిగేదే అక్కడ పెద్దగా జరుగుతుంది" అన్నారు ఆవిడ, తన మఫ్లరుతో నా చెయ్యి తుడుస్తూ. మంచు గడ్డల మీద రోజుల తరబడి చల్లబడిన గాలి, మంచు అంచు దాటి సముద్రం మీదికి వస్తుంది. సముద్రమూ దాదాపు గడ్డకట్టేంత చల్లగానే ఉంటుంది. కానీ ఆ గాలికి అదే కాలిన పెనం. అడుగున వేడీ తేమా తగిలి గాలి పైకి లేస్తుంది. మేఘాలు బారులు బారులుగా, దువ్విన జుట్టులా సాగుతాయి. అప్పటికింకా తుఫాను కాదు. సరిగ్గా ఆ సమయానికి బాగా ఎత్తున ఇంకా చల్లటి గాలి సుడి ఒకటి వచ్చి మీద నిలిస్తే, కింద లేచేది పైన తిరిగేదాంతో కలుస్తుంది. మొత్తం తిరగడం మొదలుపెడుతుంది. "పొద్దున ఏమీ ఉండదు. సాయంత్రానికి పడవల్ని బోర్లించే గాలి. మర్నాడు నేలను తాకి చచ్చిపోతుంది. పక్క ఊరివాళ్లకు వచ్చినట్టు కూడా తెలియదు."

అంటే ముఖ్యం వేడి కాదు, రెండింటి మధ్య తేడా. ఈ మాట నేను ఎన్ని క్లాసుల్లో బోర్డు మీద రాశానో. అదే మాట ఆ చెరువు గట్టున నాకు కొత్తగా వినిపించింది. ఇంటికొచ్చి చాలాసేపు ఊరికే నవ్వుకున్నాను.

ఆ చలికాలమంతా ఫోటోలే. తుఫాను ఉన్నచోట పెట్టె గీసి, 'కచ్చితం' అనో 'అనుమానం' అనో నొక్కాలి. కొన్నింటికి నడుమ చిన్న కన్ను ఉండేది. చాలావాటికి తోక ఉండేది. ఇంట్లో లాప్‌టాప్ మీద చూపిస్తే మా పాప, "అమ్మా, ఇది కామా" అంది. అప్పుడే స్కూల్లో నేర్పారు.

మా ఆయన ఆఫీస్ నుంచి రాగానే అడిగేవాడు. "ఏంటి, ఇవాళ ఎన్ని తుఫాన్లు పట్టావు?"

"మూడు. ఇంకోటి డౌట్."

"డౌట్‌వి ఎవరికి అసైన్ చేస్తారు?"

"ఆవిడకే."

"అదృష్టవంతురాలివి. మా ప్రాజెక్ట్‌లో అవన్నీ నాకే."

ఫిబ్రవరిలో ఒక బుధవారం నేను వెళ్లేసరికి ఆవిడ ఫ్లాస్కు మూత కూడా తీయకుండా కూర్చుని ఉన్నారు. ఒక తేదీ రాసిన కాగితం నా ముందుకు జరిపారు. "ఈ తేదీ ఫోటో తెరువు. నా చేత్తో నేను తెరవలేకపోతున్నాను."

ఆవిడ అలాస్కాలో ఉద్యోగంలో చేరిన కొత్తలో సంగతి అది. ఆ ఉదయం డ్యూటీ ఆవిడదే. చేపల పడవలకు పంపే సూచనలో 'గాలి మామూలు, అక్కడక్కడా మంచు జల్లులు' అని రాసి పంపారు. సాయంత్రానికి ఒక పడవ తుఫానులో చిక్కుకుంది. ఐదుగురూ బతికారు. పడవ నడిపినాయన కుడిచేతి వేళ్లు మూడు మంచుకు పోయాయి. ఆ చిన్న ఊళ్లో కిరాణా కొట్టు ఒక్కటే. ఆయన అక్కడ కనిపించినప్పుడల్లా "ఇవాళ గాలి ఎలా ఉంటుంది?" అని మామూలుగానే అడిగేవాడట.

"ఒక్కసారి తిట్టినా బాగుండేది" అన్నారు ఆవిడ. "ఆ రోజు నా ముందున్నది ఈ ఫోటో మసగ్గా అచ్చయిన ఫ్యాక్స్ కాగితం. రెండు నిమిషాలు చూశానేమో. అసలు ఫోటోలో ఏముందో అప్పటినుంచీ తెలియదు."

తెరిచాను. ఆ ఉదయం తీసిన ఫోటో చాలా స్పష్టంగా ఉంది. మంచు అంచు, దాని కింద మేఘాల బారులు. కుడివైపు మూలన మాత్రం నాలుగైదు బారులు తిన్నగా పోకుండా కొద్దిగా వంగాయి. అంతే.

ఆవిడ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "ఉంది" అన్నారు.

"ఇంత చిన్నది చూసి ఎవరూ చెప్పలేరండీ. నేనైతే మార్క్ చేసేదాన్ని కాదు."

"చేసేదానివి. నెల రోజులుగా ఇంతకంటే చిన్నవి మార్క్ చేస్తున్నావు."

నిజమే. ఓదార్చబోయి అబద్ధమాడినందుకు సిగ్గుగా కూడా అనిపించింది.

ఆవిడే అన్నారు. "ఆ కాగితంలో ఇది కనిపించి ఉండదు. అది వేరే సంగతి. ఉన్నదైతే ఉంది. పెట్టె గియ్యి."

గీశాను. "ఏమని పెట్టను?"

"కచ్చితం."

తర్వాత ఇద్దరం టీ తాగాం. ఆవిడ ముఖంలో దుఃఖం ఉంటుందని భయపడ్డాను గానీ, చాలాసేపు మోసిన బరువు దించి కూర్చున్న మనిషిలా ఉన్నారు. ఆ ఫోటో ప్రింటు తీయించి, నాలుగు వాక్యాలు రాసి, పడవాయనకు పోస్టు చేశారు. ఆయన ఇంకా ఉన్నాడు, కూతురి దగ్గర.

జవాబు మార్చిలో వచ్చింది. ఎడమచేత్తో రాసిన పెద్ద పెద్ద అక్షరాలు. నన్నే చదవమన్నారు. 'ఆ పొద్దున పడవ తీసే ముందు నేనూ ఆకాశం చూశాను. నాకూ ఏమీ కనిపించలేదు. నిన్ను గాలి గురించి అడిగింది నీ మాట మీద నమ్మకంతో. ఫోటో గోడకు పెట్టుకున్నాను.' ఆవిడ ఉత్తరం తీసుకుని, కిటికీ వైపు తిరిగి, తనలో తాను మరోసారి చదువుకున్నారు.

ఏప్రిల్‌లో యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. మా గుర్తుల ఆధారంగా మిగతావి ఇక కంప్యూటరే వెతుక్కుంటుందట, మాకు కృతజ్ఞతలట. మరుసటి బుధవారం పదింటికి ఎందుకో వెళ్లాను. ఆవిడ అప్పటికే వచ్చి ఉన్నారు. చూడటానికి ఫోటోలేమీ లేవు. పార్కింగ్‌లో కరుగుతున్న మంచు కుప్పలు చూస్తూ ఒంటిగంట దాకా మాట్లాడుకున్నాం. ఆవిడ చెల్లెలి గురించి, మా అనంతపురం ఎండల గురించి. మే నెలాఖరు దాకా అలాగే కలుసుకున్నాం.

ఆ తర్వాతి ఏడు నాకు వర్క్ పర్మిట్ వచ్చింది, దగ్గర్లోని కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగమూ దొరికింది. చెల్లెలు పోయాక ఆవిడ అలాస్కా వెళ్లిపోయారు. పుట్టినరోజులకు ఫోన్ చేసుకుంటాం. ఉద్యోగం లేదని ఏడ్చిన రోజులు ఆ చలికాలంలోనే చాలా ఉన్నాయి. కానీ ఇప్పుడు నోవైలో మా మొదటి రోజుల గురించి ఎవరైనా అడిగితే, నోటికి ముందుగా వచ్చేవి ఆ బుధవారాలే.