ఇరవై ఆరవ ప్రశ్న

1978 ఫిబ్రవరి 25, శనివారం, సాయంకాలం నాలుగు గంటల పది నిమిషాలు. నందిగామ మీద ఆకాశం మబ్బు తునక లేకుండా ఉంది. గాలి లేదు. మా పాఠశాల ప్రయోగశాలలోని ఉష్ణమాపకం మధ్యాహ్నం రెండు గంటలకు ముప్పై మూడు డిగ్రీలు చూపింది. నాలుగింటికి ఎంత చూపిందో నేను చూడలేదు గనుక రాయడం లేదు. ఆ సమయానికి మా ప్రార్థనాలయం వెనుక గదిలో ఒక పెద్దావిడ నా ఎదుట చాప మీద కూర్చుని, బాప్తిస్మపు పరీక్షలో మూడవసారి తప్పింది. ఒక్క మార్కు తక్కువైంది. ఆ మార్కు వేయనివాణ్ణి నేనే.

నేను అప్పుడు నందిగామ ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుణ్ణి. అంతకుముందు ఎనిమిదేళ్లు జగ్గయ్యపేటలో పనిచేసి, 1974 జూన్‌లో బదిలీ మీద వచ్చాను. వచ్చిన మూడు నెలలకే సంఘ కార్యదర్శి బాధ్యత నా మీద పడింది. రెండు ఊళ్లకూ పాస్టరు గారు ఒక్కరే. కాపురం జగ్గయ్యపేటలో, నెలలో రెండు ఆదివారాలు మా దగ్గర. బాప్తిస్మం కోరి వచ్చినవారిని ఆయన మూడు నాలుగు మాటలు అడిగి, "సరేనమ్మా, సంతోషం" అని పేరు రాసుకునేవారు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు. నిత్యజీవానికి సంబంధించిన విషయంలో కొలత లేకుండా ఎలా? 1975లో ముప్పై ప్రశ్నలు, వాటికి జవాబులు రాసి ఆయనకు చూపించాను. ఆయన చదివి, నవ్వి, ఒప్పుకున్నారు. ప్రశ్నకు ఒక మార్కు. నూటికి ఎనభై పాళ్లు, అనగా ఇరవై నాలుగు మార్కులు వస్తే ఉత్తీర్ణత. చదువు రానివారే ఎక్కువ గనుక పరీక్ష నోటితోనే. ఆ ముప్పై ప్రశ్నలూ నేనే రాశానన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఆ పెద్దావిడ మిరప కల్లాల్లో ముచ్చికలు తీసే పనికి వెళ్లేది. ఎండిన కాయకు తొడిమ తుంచి, తాలుకాయ పక్కకు వేసి, మంచికాయ గోతానికెత్తడం ఆ పని. తన వయసు అరవై అనేది; ఆమె చెప్పిన పిల్లల వయసులను బట్టి లెక్కగడితే అరవై మూడుకు తగ్గదు. ఆరేళ్లుగా మా ఆరాధనకు వస్తోంది. 1976లో ఆమెకు పదిహేను మార్కులు, 1977లో ఇరవై ఒకటి. ఆమె భర్త బండి తోలేవాడు. ఆయన 1976లోనే మొదటిసారికే ఇరవై ఏడు తెచ్చుకుని బాప్తిస్మం పొందాడు. అది ఊళ్లో ఆయన ఎవరికీ చెప్పకుండా వదిలిపెట్టలేదు.

ఆ శనివారం ఆమె పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. చీర కుచ్చెళ్లు తడిసి ఉన్నాయి.

"ఎందుకమ్మా ఆలస్యం?" అన్నాను.

"మా పక్కింటి ముసలమ్మ మంచాన పడిందండీ మేష్టారూ. రోజూ నేనే నీళ్లు పోసి జడేసి వస్తా. ఇయ్యాల పాపం, నన్ను కూడా తడిపింది."

'ఆలస్యం, 12 ని.' అని కాగితం మీద రాసుకుని ప్రశ్నలు మొదలుపెట్టాను. ఏడవ ప్రశ్న: విశ్వాసి నిత్యమూ చేయవలసిన నాలుగు పనులు చెప్పుము. ప్రార్థన అంది, వాక్యం వినడం అంది, కృతజ్ఞత అంది. నాలుగవది ఎంతసేపటికీ రాలేదు. "నోటిదాకా వస్తందండీ, దిగట్లా," అంది. నాలుగవ పని రోగులను, బలహీనులను పరామర్శించడం. సున్నా వేశాను. అడిగినది చెప్పమని గాని చేయమని కాదు. ఆ మార్కు విషయంలో నేటికీ నా అభిప్రాయం మారలేదు.

పదకొండవ ప్రశ్న: నీ ప్రతిఫలము ఎక్కడ ఉన్నది? దానికి మాత్రం ఆమె తడుముకోలేదు.

"పైన ఆయన దగ్గరుందండీ. ఇక్కడైతే కల్లం ఆసామి పొద్దుగూకేసరికి కూలిచ్చి పంపిస్తాడు. అది అట్టా కాదు, ఆయన పిలిచిందాకా ఆగాల. ఆగుతానండీ, నాకేం తొందర! చేతిలో పని ఉందిగా."

కాగితంలో ఉన్న జవాబు 'పరలోకమందు ప్రభువునొద్ద' అని రెండంగుళాల్లో ముగుస్తుంది. ఆమెది ఎక్కువ పొడవు, అయినా సరైనదే. మార్కు వేశాను.

ఇరవై ఆరవ ప్రశ్న అడిగాను. "ఇందాక చెప్పా గదండీ," అంది. నియమం ప్రకారం ఒక నిమిషం ఆగాను. ఆమె కూడా నన్ను చూస్తూ ఆగింది. నిమిషం ముగిశాక సున్నా వేశాను. మొత్తం ఇరవై మూడు.

బయట మెట్ల మీద భర్త కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి బీడీ చెప్పుకింద నలిపాడు.

"ఎన్నొచ్చాయే?"

"ఇరవై మూడంట."

"నాకు ఇరవై ఏడు."

"తెలుసు లేవయ్యా, రెండేళ్ల నించి వింటన్నా. గోడలకి కూడా వచ్చేసింది ఆ లెక్క."

"అదిగాదే ముసల్దానా. రేపు నేను ముందు పైకెళ్లి అక్కడ అరుగు మీద కాళ్లు చాపుక్కూర్చుంటా. నువ్వొచ్చి గేటు బయట నిలబడి నన్ను పిలువు. వినపడితే వస్తా. మేష్టారుంటే చీటీ లేనిదే రానియ్యరు మరి."

"మేష్టారు కూడా అక్కడికే వస్తారా?" అంది ఆమె, నా వైపు తిరిగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

నేను తేదీలు వివరించాను. మా బాప్తిస్మాలు మునేటిలో. జగ్గయ్యపేటలో ఉండగా పాలేటిలో ఇచ్చేవారు. మార్చి వచ్చేసరికి మునేరు ఇసుక మధ్య పిల్లకాలువ అవుతుంది. తరువాత వానలు పడి, వరదలు తగ్గి, నీళ్లు తేటపడేసరికి నా లెక్కలో అక్టోబరు. అందుచేత ఆ ఏటికి మార్చి 19, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారమే ఆఖరి తేదీ. ఎనిమిది మంది పేర్లు అప్పటికే ఖాయమయ్యాయి.

"అక్టోబరా అండీ?" అంది. అంతవరకు నవ్వుతున్న మనిషి కొంచెంసేపు తన వేళ్ల వంక చూసుకుంది. మిరపకాయ పట్టిపట్టి ఆ వేళ్లు ఎర్రబారి ఉండేవి. "ఆరేళ్ల నించి ప్రభువు బల్ల నాడు రొట్టె పళ్లెం నా ముందు నించే పోతందండీ మేష్టారూ. నా పక్కామె బాప్తిస్మం అయినామె, తీసుకుంటది, నేను చూస్తా. ఈ ఈస్టరుకన్నా అందుకుందామనుకున్నా. పోన్లెండి, అక్టోబరుకి ముప్పైకి ముప్పై చెప్తా."

"ముందు ఇరవై నాలుగు చెప్పు," అన్నాడు భర్త.

ఇద్దరూ వాదించుకుంటూ వెళ్లిపోయారు. నేను గది తాళం వేసి ఇంటికి వచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధమవుతుంది. తొమ్మిదిన్నరకు పడుకుని ఐదింటికి లేచాను. మార్కులు మార్కులే.

మార్చి 16, గురువారం, ఒక పూట సెలవు పెట్టి జగ్గయ్యపేట వెళ్లాను. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి బస్సెక్కితే రెండుంబావుకు దిగాను. ఎండ తీవ్రం, పడమటి గాలి. పాత ప్రశ్నపత్రం అరిగిపోయినందున రాబోయే ఏటికి నకళ్లు తీసే కొత్త స్టెన్సిలు రాయాలని పని పెట్టుకున్నాను. పాస్టరు గారింటి వసారాలో నేను స్టెన్సిలు సరిచూస్తుంటే, ఆయన భార్య పాత కాగితం పట్టుకుని ఒక్కొక్క ప్రశ్నా జవాబూ పైకి చదువుతున్నారు. ఇరవై ఐదు వరకు సాఫీగా సాగింది.

"ఇది ఇందాక చదివాను కదండీ," అన్నారావిడ.

నా కలం ఆగింది. "ఏది అమ్మగారూ?"

"ఇదిగో, ఇరవై ఆరు. విశ్వాసి దేనికొరకు ఎదురుచూచుచున్నాడు? పరలోకమందు ప్రభువు ఇచ్చు ప్రతిఫలము కొరకు. ఇందాక పదకొండులో నీ ప్రతిఫలము ఎక్కడ ఉన్నది అని అడిగారు, పరలోకమందు ప్రభువునొద్ద అన్నారు. అదీ ఇదీ ఒకటే కదండీ?"

నేను కాగితం తీసుకుని రెండుసార్లు చదివాను. సంచిలోంచి ఆ పెద్దావిడ మూడు సంవత్సరాల మార్కుల కాగితాలూ తీశాను. అభ్యర్థి అన్న మాట అన్నట్టే రాసుకోవడం నా అలవాటు. 1976: '26. ఇందాక చెప్పానండీ. సున్నా.' 1977: '26. చెప్పా గదండీ ఒకసారి. సున్నా.' 1978: '26. ఇందాక చెప్పా గదండీ. సున్నా.'

లోపలినుంచి వచ్చిన పాస్టరు గారు విషయం విని కుర్చీలో కూలబడి నవ్వారు. "అయితే మేష్టారూ, మూడేళ్లుగా ఒకే ప్రశ్న రెండుసార్లు అడుగుతున్నారన్నమాట! ఇప్పటికి ఎంతమందిని అడిగారు?"

"నలభై ఒక్కమందిని."

"ఎవరూ అనలేదా?"

"నలభైమంది రెండుసార్లూ జవాబు చెప్పారు. ఈవిడ ఒక్కతే చెప్పానంది."

"మరి ఆలోచన ఏముంది? వేసెయ్యండి మార్కు."

అంత తేలిక కాదని మనవి చేశాను. ప్రశ్న లోపభూయిష్ఠమైనప్పుడు దాన్ని కొట్టివేయడమే పరీక్షా ధర్మం. కొట్టివేస్తే మిగిలేవి ఇరవై తొమ్మిది ప్రశ్నలు. వాటిలో నూటికి ఎనభై అంటే ఇరవై మూడు పాయింటు రెండు. ఆమెకు వచ్చినవి ఇరవై మూడు. మళ్లీ తప్పినట్టే.

"పాయింటు రెండా!" అన్నారాయన. "ఆ పాయింటు రెండుని మునేట్లో ఎక్కడ ముంచమంటారు మేష్టారూ?"

ఆయన భార్య మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి, "ఆయన మాట పట్టించుకోకండి, నిదానంగా ఆలోచించండి," అన్నారు. పాస్టరు గారు నవ్వు ఆపుకుని, పరీక్ష నాది గనుక తీర్పు కూడా నాదేనన్నారు.

తిరుగు ప్రయాణం ఐదున్నర బస్సులో. ఆ దారంతా ఒకటే లెక్క. జాలితో మార్కు వేయడం నాకు రాదు. నా ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్కటీ వేయలేదు. కాని బస్సు నందిగామ పొలిమేరకు వచ్చేసరికి నాకు పదవ తరగతి రేఖాగణితం గుర్తుకు వచ్చింది. ఒక సిద్ధాంతాన్ని ముందే నిరూపించిన విద్యార్థి, తరువాతి లెక్కలో దాన్ని మళ్లీ మొదటినుంచి రాయనక్కరలేదు. 'పై నిరూపణ వలన' అని ఒక్క ముక్క రాస్తే చాలు, నేను పూర్తి మార్కు వేస్తాను. ఎన్ని వందల కాగితాల మీద అలా వేశానో! "ఇందాక చెప్పా గదండీ" అన్నది సరిగ్గా అదే. పదకొండవ జవాబు సరైనది. ఇరవై ఆరవది దాన్ని చూపిస్తోంది. కాబట్టి ఇరవై ఆరవది కూడా సరైనదే. 1976లో పదిహేను పదహారు అవుతుంది, 1977లో ఇరవై ఒకటి ఇరవై రెండు అవుతుంది. ఆ రెండేళ్లూ ఆమె న్యాయంగానే తప్పింది. 1978లో ఇరవై నాలుగు. బస్సు దిగకముందే కాగితం మీద దిద్ది సంతకం చేశాను. కుదుపుకు సంతకం వంకరపోయింది.

ఇంకొక సంగతి కూడా ఆ బస్సులోనే తోచింది. అదే నిరీక్షణను గురించి నేను రెండుసార్లు అడిగానంటే, మొదటి జవాబు దగ్గర నా మనసు నిలవలేదనే కదా. పరలోక ప్రతిఫలాన్ని నేను ఏటా పరీక్షా ఫలితాల కోసం చూసినట్టు చూస్తూ వచ్చాను, నంబరు ఉంటుందో ఉండదో అని. ఆమె ఒకసారి చెప్పింది. మరునాడు పొద్దున్నే లేచి పక్కింటి ముసలమ్మకు నీళ్లు పోయడానికి వెళ్లింది.

మార్చి 17, శుక్రవారం, బడి వదిలాక నేరుగా కల్లానికి వెళ్లాను. ఎర్రటి రాశుల మధ్య ఇరవై ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నేను నోరు తెరవగానే తుమ్ము వచ్చింది.

"మేష్టారండీ, గాలికి ఇటేపు రండి," అని ఆమె లేచింది.

"అమ్మా, నీకు ఇరవై..." తుమ్ము. "నాలుగు..." మళ్లీ తుమ్ము.

"ఇరవై మూడన్నారు గదండీ?"

"తప్పు నాది. నేను ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగాను."

"అదే నేననుకున్నా," అంది ఆమె తాపీగా. "ఏడాదికోసారి అడుగుతారు, మర్చిపోతన్నారేమో, పెద్దోళ్లయిపోతన్నారులే అనుకున్నా. అయినా ఉన్నది ఒకటే గదండీ, రెండోది నేనెక్కణ్నించి తెచ్చేది?"

కల్లమంతా నవ్వింది. నేను ఆ కబురు పూర్తిగా చెప్పేలోగా పదకొండుసార్లు తుమ్మాను.

శనివారం సాయంత్రం మునేటి కాలువలో లోతు కొలిచాను. పద్నాలుగు అంగుళాలు. మనిషిని ముంచడానికి చాలదు. కాలువ పక్కనే ఇసుకలో గుంట తవ్వితే నీరు ఊరుతుంది. దాన్ని మావాళ్లు చెలమ అంటారు. పార పట్టుకుని మొదట దిగినవాడు ఆమె భర్తే. ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు తవ్వి, నీరు మూడడుగుల రెండు అంగుళాలు నిలిచేదాకా ఆయన పైకి రాలేదు.

"చాలు, ఇక రా," అన్నాను.

"ఇంకో రెండంగుళాలు తియ్యనీయండి మేష్టారూ. అది బాగా మునగాల. నోరు పైన ఉండిపోతే నాకే కష్టం."

మార్చి 19, ఆదివారం, ఉదయం ఏడు గంటల ఐదు నిమిషాలు. పలచని మంచు ఇంకా ఇసుక మీద ఉంది, నీరు చల్లన. సంఘమంతా ఒడ్డున పాడుతోంది. ఎనిమిది మంది తరువాత తొమ్మిదవ వ్యక్తిగా ఆమె తెల్లచీర కట్టుకుని చెలమలోకి దిగింది. పాస్టరు గారు ఆమెను ముంచి లేపారు. ఆమె ముఖం తుడుచుకుని, పైకి రావడానికి భర్త చాచిన చెయ్యి పట్టుకుని, అందరికీ వినబడేలా అంది:

"ఇప్పుడు జరుగు, అరుగు మీద నాక్కూడా చోటియ్యి."

ఆయన అక్కడ అరుగేదో ఉన్నట్టే ఒక అడుగు పక్కకు జరిగాడు.

మార్చి 26, ఈస్టరు నాడు రొట్టె పళ్లెం ఆమె వరుసకు వచ్చినప్పుడు నేను గమనిస్తూ ఉన్నాను. ఆమె అందుకుంది. తరువాత పళ్లెం పక్కామెకు అందించింది. 1979 ప్రశ్నపత్రంలో ఇరవై ఆరవ ప్రశ్న మార్చాను.

మా రిజిస్టరులో ఉన్నది ఇది. మార్చి 19 నాడు బాప్తిస్మానికి చెలమలోకి దిగినవారు తొమ్మిది మంది, పైకి వచ్చినవారు తొమ్మిది మంది. అంతకుముందు సంఘ సభ్యులు 134. ఆ రోజుకు మొత్తం 143.