తలా తోకా లేని మాట

ఆ సోమవారం సాయంత్రం ఇంగ్లిషు మేడమ్ ఒక ఖాళీ గదికి నలభై నిమిషాలు కాపలా కాసింది. క్లాసు అయిపోయింది, అందరూ వెళ్ళిపోయారు. చివరగా లేచిన లిఫ్టు మెకానిక్ గుమ్మంలో ఆగి, "టీచర్, ఐ కమ్" అని చెప్పులు వేసుకున్నాడు. వస్తానన్న మనిషి వస్తాడు కదా అని ఆవిడ కూర్చుంది. బోర్డు తుడిచింది. సుద్దముక్కల్ని పొడవునుబట్టి పేర్చింది. ఆఖరికి గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగింది.

"మా బావా? ఈపాటికి ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చునుంటాడు మేడమ్."

వెళ్ళేటప్పుడు మనం "వస్తాను" అంటాం. మెకానిక్ దాన్నే మర్యాదగా ఇంగ్లిషులో పెట్టాడు. క్లాసులో ఉన్నంతసేపూ తెలుగు చెవి మూసుకోవాలన్న నియమం ఆవిడ పెట్టిందే కనుక ఎవరినీ అనడానికి లేదు.

ఆవిడ అంతకుముందు పంతొమ్మిదేళ్ళు ఒక అచ్చాఫీసులో ఇంగ్లిషు ప్రూఫులు దిద్దింది. అచ్చాఫీసు మూతపడ్డాక కూడా చేతిసంచిలో ఎర్రపెన్ను ఉండిపోయింది. కరెంటు బిల్లు వెనక సూచనల్లోనూ తప్పులకి సున్నాలు చుడుతుంది. "మా వదిన నిద్రలో కామా పెట్టి గానీ పక్కకి తిరగదు" అంటుంది ఆడపడుచు.

ఆ పన్నెండంతస్తుల భవనానికి సూపర్‌వైజరుగా వచ్చినాయనకి తెలుగు ముక్క రాదు. పనివాళ్ళకి ఇంగ్లిషు ముక్క రాదు. అందుకే మీటర్ల పక్కన సామాన్ల గదిలో ఈ క్లాసు ఏర్పాటు చేశాడు. వాచ్‌మన్, అతని బావ అయిన మెకానిక్, ఊడ్చే ఆవిడ, తోటమాలి, ఇద్దరు డ్రైవర్లు విద్యార్థులు. మేడమ్ వాళ్ళకి వ్యాకరణమంతా రెండు మాటల్లో చెప్పింది. జరగబోయేదానికి తల ఉండాలి, అది విల్. జరిగిపోయినదానికి తోక ఉండాలి, అది ఈడీ. ఇక ఎవరు నోరు తెరిచినా "తలేదీ?" "తోకేదీ?" అని పట్టుకునేది. దాంతో ఆవిడకి తలాతోకా మేడమ్ అని పేరు పడింది.

రెండు నెలలకి తిరుగుబాటు వచ్చింది.

"నేను తల వెతికి, తోక తగిలించేలోపు వచ్చినాయన కారు పెట్టుకుని పైకెళ్ళిపోతున్నాడు మేడమ్" అన్నాడు వాచ్‌మన్.

"మాట గొంతు దాకా వస్తుంది తల్లీ, మీ మొహం చూసి వెనక్కి పారిపోతుంది" అంది ఊడ్చే ఆవిడ.

సూపర్‌వైజరు కూడా పిలిచి, నాకు వ్యాకరణం వద్దు, వాళ్ళు మాట్లాడితే చాలన్నాడు. ఆవిడ ఎర్రపెన్ను సంచి అడుక్కి తోసేసింది.

మూడు వారాల్లో గది మారిపోయింది. ఎనిమిదో అంతస్తు కుక్క తన చీపురెత్తుకుపోయిన వైనం ఊడ్చే ఆవిడ పదకొండు ఇంగ్లిషు మాటల్లో చెబితే అందరూ బెంచీలు చరిచి నవ్వారు. అంతవరకూ మూగనోము పట్టిన మెకానిక్కయితే తాళ్ళు, చక్రాలు, గ్రీజు అంటూ ఆపకుండా మాట్లాడాడు. ఒక్క మాటకీ తలా లేదు, తోకా లేదు. ఆవిడ పళ్ళు బిగపట్టి సంతోషించింది.

ఆ సోమవారం "ఐ కమ్" తలుచుకుని నవ్వుకుంటూ ఇంటికి నడుస్తూ, ఆవిడ దారి మధ్యలో ఠక్కున ఆగిపోయింది. మెకానిక్ అదే క్లాసులో ఇంకో సంగతి చెప్పాడు. గురువారం లిఫ్టు కింద గోతిలోకి దిగుతాడట. అక్కణ్ణుంచే లిఫ్టుని ఆపే స్టాప్ స్విచ్చి పాడైంది, దాన్ని మార్చాలి. మోటారు స్విచ్చి దగ్గర, మేడమీద, సూపర్‌వైజరు ఉంటాడు. ఇద్దరి మధ్యా ఉండేది వాకీటాకీ ఒక్కటే. మన "వస్తాను" రోజూ వచ్చేదానికీ, ఇకముందు వచ్చేదానికీ సరిపోతుంది. మెకానిక్ దాన్ని "ఐ కమ్" అంటాడు. మేడమీద ఆయన ఏమనుకుంటాడు?

బుధవారం ఆవిడ బోర్డు మీద విల్ అని రాసింది. "ఇవాళ ఒక్క తల నేర్చుకుందాం. ఒక్కటే."

"మళ్ళీ మొదలా మేడమ్?" అన్నాడు మెకానిక్. "ఇప్పుడిప్పుడేగా నోరు తిరుగుతోంది!"

గుమ్మంలో నిలబడ్డ సూపర్‌వైజరు గడియారం చూసుకున్నాడు. ఆవిడకి ధైర్యం జారిపోయింది. "సరే, శుక్రవారం చూద్దాంలే" అని తనే తుడిచేసింది.

గురువారం క్లాసు లేదు. అయినా నాలుగింటికల్లా ఆవిడ భవనంలో ఉంది. గొడుగు మర్చిపోయానని వాచ్‌మన్‌తో చెప్పింది. గొడుగు ఆవిడ చంకలోనే ఉంది. వాచ్‌మన్ చూసి మర్యాదకి ఊరుకున్నాడు.

లిఫ్టు రెండో అంతస్తు దగ్గర ఆగి ఉంది. కింద తలుపు తీసి, అడ్డంగా కర్ర కట్టారు. గోతిలోంచి టార్చి వెలుగు, స్పానరు చప్పుడు. అంతలో మెకానిక్ గొంతు గోతిలోంచీ, వాచ్‌మన్ చేతిలోని వాకీటాకీలోంచీ ఒకేసారి వినిపించింది.

"సర్, ఐ ఫినిష్. ఐ కమ్ అవుట్. యూ స్టార్ట్."

పూర్తి చేస్తాను, బయటికొస్తాను, అప్పుడు స్టార్ట్ చేయండి అని అతని భావం. పూర్తయింది, బయటికొచ్చాడు అని మేడమీద అర్థమైంది.

"ఓకే. స్టార్టింగ్" అంది వాకీటాకీ.

మేడమ్ వంగి చూసింది. గోతిలో మెకానిక్ బట్టతల టార్చి వెలుగులో మెరుస్తోంది. స్పానరు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆవిడ వాకీటాకీ లాక్కుంది. మొదట నొక్కిన బటన్ తప్పు, అది కీచుమంది. పంతొమ్మిదేళ్ళు దిద్దిన వాక్యాలన్నీ ఒకేసారి వచ్చి గొంతులో ఇరుక్కున్నాయి. పైన మోటారు గుర్రుమంది. లిఫ్టు కదిలి జానెడు కిందికి దిగింది.

"నో స్టార్ట్! మ్యాన్ ఇన్‌సైడ్! నో! నో!"

లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగింది.

"ఎవరది అరిచేది?" అంది గొయ్యి. "మేడమా?"

"ముందు బయటికి రా బావా" అన్నాడు వాచ్‌మన్. అడ్డంగా కట్టిన కర్ర పక్కకి లాగేశాడు. "తర్వాత అడుగుదువుగాని, రా."

మెకానిక్ నిచ్చెనెక్కి వచ్చాడు, తల ఎత్తి లిఫ్టు అడుగుభాగం చూశాడు, నేలమీద కూలబడ్డాడు. పన్నెండంతస్తులూ మెట్లమీద పరిగెత్తుకొచ్చిన సూపర్‌వైజరు, బయటికొచ్చానన్నావు కదా అని ఇంగ్లిషులో రొప్పుతూ అడిగాడు.

"ఎస్ సర్. ఐ కమ్ అవుట్" అన్నాడు మెకానిక్, ఆ తర్వాత నీరసంగా, "కాసేపాగి" అని కలిపాడు.

మేడమ్ ఇంకా బటన్ నొక్కే ఉంచింది. వేలు వదిలించడానికి వాచ్‌మన్ సాయం కావలసి వచ్చింది.

శుక్రవారం సగం క్లాసు కబుర్లు సాగాయి. మిగతా సగం అవే కబుర్లు బోర్డెక్కాయి. కుక్క ఎత్తుకుపోయిన చీపురుకి తోక వచ్చింది, డ్రైవరు రేపటి ప్రయాణానికి తల వచ్చింది. గుమ్మంలో సూపర్‌వైజరు గడియారం చూడలేదు. మెకానిక్ తన మూడు వాక్యాలనే రాయాలి, రాబోయేదానికి ఒకసారి, అయిపోయినదానికి ఒకసారి. ఫినిష్‌కి తోక అతికింది గానీ కమ్‌కి ఎంతకీ అతకలేదు. దీనికి తోక మొలవదు, పొట్టలో అక్షరం మారుతుందని మేడమ్ నాలుగోసారి కొట్టేయించేసరికి అతను పెన్సిలు కింద పెట్టాడు.

"ఇదన్యాయం మేడమ్. నిన్న మీరరిచినదానికి తలా లేదు, తోకా లేదు. మమ్మల్ని మాత్రం చంపుతారేం?"

"నిన్న నువ్వు గోతిలో ఉన్నావు, ఇవాళ బెంచీ మీద ఉన్నావు, రాయి."