ఓడలో రెండో బంతి

దెయ్యాలున్నాయంటే నవ్వేవాళ్ళలో నేనొకణ్ణి. నవ్వడమే కాదు, చెప్పినవాళ్ళని నాలుగు ప్రశ్నలేసి నీళ్ళు నమిలించేదాకా వదిలేవాణ్ణి కాదు. కవితాళలో నాది పురుగుమందులు, విత్తనాల కొట్టు. మందు కొట్టినా పురుగు చావలేదని రైతు వచ్చి కూర్చుంటే, ఎప్పుడు కొట్టావు, ఎన్ని నీళ్ళు కలిపావు, తర్వాత వాన పడిందా అని అడుగుతాను. ఎక్కడో ఒకచోట కారణం దొరుకుతుంది. మనుషుల విషయంలోనూ నాది అదే పద్ధతి. నన్ను అనుమానం మనిషి అంటారు. అననివ్వండి.

మాది రాయచూరు జిల్లాలో కవితాళకీ మస్కికీ మధ్య కాలవ కింద ఒక క్యాంపు, వలస వచ్చిన రైతుల ఊరు. తాతల నాడు గోదావరి జిల్లా నుంచి వరి పండించుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళం. నా భార్య పేరు నాగమణి. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఆరేళ్ళ నుంచి ఆమెకి షుగరు. రోజుకి రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకోవాలి. పొడుచుకున్న అరగంటలో తినాలి. తినకపోతే ఏమవుతుందో మేం ఒకసారి చూశాం.

అది మా బావమరిది కూతురి పెళ్ళిలో. మావాళ్ళలో ఒక పట్టింపుంది. ఇంటివాళ్ళు ముందు బంతిలో కూర్చోకూడదు. వచ్చినవాళ్ళందరూ తిన్నాక, ఆఖరి బంతిలో, ఉన్నదేదో తినాలి. ముందే కూర్చుంటే ఎంత నామోషీ! మణి పెళ్ళికూతురికి మేనత్త. అలవాటు ప్రకారం ఆరున్నరకే ఇన్సులిన్ పొడుచుకుంది. తర్వాత కొంగు నడుముకి దోపుకుని వడ్డనకి దిగింది. ఒక బంతి అయింది, రెండయ్యాయి, మూడయ్యాయి. నాలుగో బంతికి సాంబారు బకెట్ పట్టుకుని వస్తూ వస్తూ నిలువునా కూలిపోయింది.

మస్కిలో ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు నా మీద కేకలేశాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే నా చేతిలో ఉండేది కాదన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో సాయంత్రం భోజనం ఎప్పుడనే మాట నాకు ప్రాణాల మీది మాట అయిపోయింది. ఆమె మాత్రం అందరికీ పెట్టాక తినే అలవాటు మానలేదు. ఆ విషయంలో నేను ఎన్నిసార్లు గొడవపడ్డానో.

ఈ పరిస్థితుల్లో, మందులు బాగా అమ్మిన డీలర్లని భార్యలతో సహా ముంబై నుంచి మూడు రోజులు ఓడలో తిప్పుతామని ఒక కంపెనీ చెప్పింది. మణి సముద్రం చూసి పదిహేనేళ్ళు. పిల్లదానిలా సంబరపడింది. రాయచూరులో టికెట్లు చూసే ఆఫీసు నుంచి వాట్సాప్‌లో ఒక ఫారం వచ్చింది. అందులో పేర్లు, వయసులు, ఆఖర్న ఒక ప్రశ్న. రాత్రి భోజనం రెండు విడతలు: ఆరున్నరకి మొదటిది, ఎనిమిదిన్నరకి రెండోది, మీకేది కావాలి?

మొదటి బంతి అని టిక్కు పెట్టి పంపాను. అందులో ఆలోచించడానికేముంది?

వారం తర్వాత లిస్టు వచ్చింది. నా పేరుకి ఎదురుగా మొదటి విడత, మణి పేరుకి ఎదురుగా రెండో విడత అని ఉంది. ఆఫీసుకి ఫోన్ చేశాను. రేణుక అనే అమ్మాయి ఎత్తింది. రాయచూరు పిల్ల, మాట గలగలమంటుంది.

“ఏంది సర్, మేడమే ఫోన్ చేసి మార్పిచ్చిన్రు గదా. మల్ల మీరు గిట్ల అంటే ఎట్ల?” అంది.

నాకు ఒళ్ళు మండింది. ఇది మణి పనేనని ఖాయం చేసుకున్నాను. పెద్ద డీలర్లందరూ ఉండగా నేను ముందు కూర్చుంటానా అని మొహమాటపడి మార్చి ఉంటుందనుకున్నాను. ఇంటికెళ్ళి అడిగితే, నేను చెయ్యలేదంది. ఆ ఆఫీసు నంబరే తన దగ్గర లేదంది. నేను నమ్మలేదు. “చావాలని ఉంటే ఇక్కడే చావు, సముద్రం దాకా ఎందుకు?” అన్నాను. అనకూడని మాటే. అన్నాను మరి.

మళ్ళీ మొదటి బంతికి మార్పించాను. నాలుగు రోజులకి కొత్త లిస్టు వచ్చింది. మణికి మళ్ళీ రెండోదే.

ఈసారి మణి ఫోన్ తీసుకుని నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. కాల్స్ అన్నీ చూశాను. రాయచూరు నంబరు ఒక్కటీ లేదు. అప్పుడు నా అనుమానం పక్కింట్లో ఉండే మా వదిన మీదికి పోయింది. మేం ఓడెక్కుతున్నామని ఆమె మొహం ముడుచుకున్న మాట నిజం. వెళ్ళి నిలదీశాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని, “మణికి ముప్పు తెచ్చే పని నేను చేస్తానా మరిదిగారూ?” అంది. మా అన్నయ్య నన్ను గుమ్మం దిగమన్నాడు. రెండు వారాలు ఆ ఇంటితో మాకు మాటల్లేవు. తప్పు నాదే.

రేణుకకి మళ్ళీ ఫోన్ చేసి మొదటి బంతికి మార్పించి, ఆ మేడమ్ ఫోన్ ఏ నంబరు నుంచి వస్తోందని అడిగాను. వాళ్ళది పాత ఫోను, నంబరు పడదట. “ఈసారి వస్తే స్పీకర్ పెట్టి నీ సెల్లులో రికార్డు చెయ్యమ్మా” అన్నాను.

“చేస్త సర్. గానీ ఆ మేడమ్ మాట మంచిగుంటది. మీరు కోపం చేయకుండ్రి” అంది.

ఆ తర్వాతి గురువారం మణికి పరీక్ష చేయించడానికి మాన్వి ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పదకొండు గంటలవేళ డాక్టరుగారి గది బయట బెంచీ మీద కూర్చున్నాం. రక్తం తీసిన వేలికి దూది పెట్టుకుని ఆమె నా పక్కనే ఉంది. ఆమె ఫోన్ నా జేబులో ఉంది. పదకొండూ ఇరవైకి నా ఫోన్ మోగింది. రేణుక.

“సర్, ఇప్పుడే ఫోన్ వచ్చింది. రికార్డు పంపిన, వినుండ్రి” అంది.

మేడమ్ నా పక్కనే ఉందని నేను చెప్పలేదు.

బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడి విన్నాను. నిమిషం కూడా లేదు. వెనక గిన్నెలు కదుపుతున్న చప్పుడు. ఆడగొంతు నెమ్మదిగా చెబుతోంది. “అమ్మా, మేం ఇంటివాళ్ళం. వచ్చినవాళ్ళందరికీ ముందు పెట్టండి. మా ఆయన్ని కూడా ముందు కూర్చోబెట్టండి, ఆకలికి ఆగలేరు. నేను తర్వాత తింటాను. నా విస్తరి ఒకటి ఉంచండి చాలు.”

అది మణి గొంతు. మాట చివర కొంచెం ఊపిరి తీసుకోవడం కూడా ఆమెదే. ఇరవై ఆరేళ్ళు విన్న గొంతు నేను పోల్చుకోలేనా?

ఎవరో అనుకరించారేమో అనుకున్నాను. పాత మాట రికార్డు చేసి వినిపించారేమో అనుకున్నాను. కానీ రేణుక మధ్యలో, “రెండు పేర్లు గూడ మార్చాల్నా మేడమ్?” అని అడిగితే, ఆ గొంతు, “లేదమ్మా, నాదొక్కటే” అని జవాబు చెప్పింది. రికార్డు జవాబు చెప్పదు కదా.

ఆ సాయంత్రం మణికి వినిపించాను. మూడుసార్లు పెట్టించుకుని వింది. బెదురుతుందనుకున్నాను. బెదరలేదు.

“గొంతు నాదే” అంది. “మాటలూ నావే. ఎన్ని పెళ్ళిళ్ళలో అన్నానో. కానీ ఫోన్లో మాత్రం అనలేదండీ.”

ఫోన్ నా చేతికిచ్చి, “ఇప్పటికైనా నమ్ముతారా నేను అబద్ధమాడలేదని?” అంది. నేను తల ఊపాను. ఆమెను అబద్ధాలకోరు చేసి ఇరవై రోజులు గడిపాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ప్రయాణం మానేద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. నేను స్వయంగా రాయచూరు వెళ్ళి, ఇద్దరికీ మొదటి విడత అని కాగితం మీద ముద్ర వేయించుకుని తెచ్చాను. ఆ తర్వాత ఇక ఫోన్ రాలేదని రేణుక చెప్పింది.

ఓడలో మొదటి రోజు అంతా సక్రమంగానే జరిగింది. ఆరుంబావుకి గదిలో ఇన్సులిన్ తీసుకుంది, ఆరున్నరకి భోజనాల హాల్లో ఉన్నాం. ఆరుగురు పట్టే బల్ల. వడ్డించే కుర్రవాడు చేతిలో పలక లాంటిది పట్టుకుని, మా ఫొటోలు చూసి పేర్ల దగ్గర టిక్కు పెట్టాడు. మణికి కూర్చోవడం చేతకాలేదు. పక్కవాళ్ళకి అన్నం వెయ్యడానికి రెండుసార్లు లేచింది. కుర్రవాడు నవ్వి, గరిటె ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. నేను ఆమెని చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. తింది. కడుపునిండా తింది. నా గుండెల మీద బరువు దిగింది.

ఏడుమ్ముప్పావుకి పైకెళ్ళి డెక్కు మీద కుర్చీల్లో కూర్చున్నాం. తొమ్మిదిన్నర దాకా అక్కడే ఉన్నాం. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత నేనే వందసార్లు లెక్క చూసుకున్నాను. మణి ఒక్కసారి కూడా నా పక్కనుంచి లేవలేదు. చలిగా ఉందంటే నా కండువా కప్పాను. నా చెయ్యి ఆమె భుజం మీదే ఉంది.

గదికి వచ్చాక చూసుకుంటే మందుల సంచీ లేదు. ఇన్సులిన్, పరీక్ష చేసే మిషను, గ్లూకోజు బిస్కట్లు అన్నీ అందులోనే. హాల్లో కుర్చీ కింద పెట్టి మరిచిపోయాం. నేను తెస్తానని మెట్లెక్కి వెళ్ళాను.

రెండో బంతి అయిపోతోంది. మా బల్ల దగ్గర సత్యంగారు, వాళ్ళావిడ ఇంకా కూర్చుని ఉన్నారు. ఆయన సింధనూరు వైపు డీలరు, నాకు ఇరవయ్యేళ్ళ పరిచయం. తాగే అలవాటు లేదు, పరాచికాలాడే అలవాటు అసలే లేదు.

నన్ను చూడగానే, “ఏంటి రాంబాబూ, చెల్లెమ్మకి ఇంత ఆలస్యంగానా పెట్టేది? షుగరని నువ్వే చెప్పావు కదా” అన్నాడు.

ఏ చెల్లెమ్మ అన్నాను.

“నాగమణి అయ్యా. ఇప్పుడే కదా లేచి వెళ్ళింది. మేమంతా తినేదాకా అక్కడే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. మేం చేతులు కడుక్కున్నాక కూర్చుంది. ఏమైనా తెమ్మని చెబుదామంటే వద్దంది. గిన్నెల్లో అడుగున మిగిలిందే వేసుకుంది. పెరుగులో ఇంత అన్నం కలుపుకుంది. ఆకలి మీద ఉన్నట్టుంది పాపం, తల కూడా ఎత్తలేదు.”

వాళ్ళావిడ, “నేత చీర కట్టుకుంది, కొంగు నడుముకి దోపుకుని. ఇంట్లో ఉన్నట్టే ఉంది మనిషి” అంది.

మణి ఆ రోజు చుడీదార్ వేసుకుంది. పెట్టెలో నేత చీర లేదు. నేనే సర్దాను.

సంచీ కుర్చీ కిందే ఉంది. ఆవిడ కూర్చుందన్న కుర్చీ ముందు ఎంగిలి కంచం ఉంది. కూర ఒక పక్కన, పెరుగన్నం మరో పక్కన తిన్న గుర్తులు. కరివేపాకు రెబ్బలు ఏరి అంచున వరసగా పెట్టి ఉన్నాయి. కుర్రవాణ్ణి పిలిచి పలక చూపించమన్నాను. మణి ఫొటో కింద రెండు టిక్కులున్నాయి. ఒకటి ఆరూ ముప్పై నాలుగు. రెండోది తొమ్మిదీ పదిహేడు. ఆ వేళకి నా కండువా కప్పుకుని డెక్కు మీద ఉన్న మనిషి ఇక్కడెలా ఉంది? అతను హిందీలో, మేడమ్ వచ్చారు, మొహం చూసే టిక్కు పెట్టానన్నాడు. అతను అబద్ధమాడాల్సిన పనేముంది?

సంచీ పట్టుకుని గదికి దిగాను. ఈ విషయం మణికి చెప్పకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను.

తలుపు తీశాను. దీపం ఆర్పి, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సంచీ బల్ల మీద పెట్టాను. ఆమె ఇటు తిరగకుండానే, మామూలుగా మా ఇంట్లో అడిగినట్టు అడిగింది.

“ఆవిడ తిందా అండీ?”

తింది అన్నాను.

“సరిపోయిందా?”

“పెరుగన్నం కూడా కలుపుకుందట.”

“హమ్మయ్య” అంది. దుప్పటి లాక్కుని నిద్రపోయింది. తెల్లారాక ఆ మాటలు తనకి గుర్తే లేవంది. నేను రెట్టించలేదు.

మిగిలిన రెండు రోజులూ రెండో బంతికి ఆవిడ రాలేదని సత్యంగారు చెప్పాడు. రేణుక పంపిన రికార్డు ఇంకా నా ఫోన్లో ఉంది. మణి గొంతు తెలిసినవాళ్ళకి వినిపించాను, ఇది మీ ఆవిడేగా అన్నారు. ఎవరు ఫోన్ చేశారో, ఎవరు తిన్నారో నాకు తెలియదు. కారణం కోసం వెతకని చోటు లేదు, దొరకలేదు. వదిన దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను.

ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరం ఏడింటికి ఎదురెదురుగా కూర్చుని తింటాం. అక్కడ ఓడలో నాకొకటి తెలిసింది. ఇరవై ఆరేళ్ళుగా నేను తిని లేచాక, వంటింట్లో ఒక్కతే కూర్చుని మణి ఏం తినేదో, ఆమెకి ఎంత మిగిలేదో నేను ఏనాడూ చూడలేదు. గిన్నెల అడుగున ఉన్నదే తిందని సత్యంగారు చెబితే విన్నాను.

రోజూ తిన్నాక మణి ఒక గిన్నెలో ఇంత అన్నం, కూర, పెరుగు పెట్టి మూత వేసి పడుకుంటోంది. అడుగున మిగిలింది కాదు, ముందే తీసి పెడుతోంది. ఎవరికని నేను అడగను. పొద్దున్నే ఆమె కంటే ముందు లేచేది నేనే. ఆ గిన్నె మూత తీసి చూడటానికి మాత్రం నాకు ఇంతవరకూ చెయ్యి రాలేదు.