పెదనాన్న తియ్యనన్న తాళాలు

మా పెదనాన్న తాళాలు బాగుచేసేవాడు. వీధి మలుపులో కొట్టు. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే ఆగాలి. తాళంకప్పని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కదిపి, లోపల ఏం విరిగిందో చెప్పేసేవాడు. మాట మాత్రం పొదుపు. నోటికి కూడా తాళం వేసుకుని తాళంచెవి ఎక్కడో పారేసుకున్నాడని పెద్దమ్మ దెప్పేది.

ఓ ఏడాది ప్రభుత్వం నలుగురు కూడి మాట్లాడుకోవడం నేరమని చట్టం చేసింది. అది అన్యాయమని అర్జీ మీద సంతకాలు పెట్టిన ఇరవై ముగ్గురి ఇళ్లు జప్తు చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. ఆ ఇళ్లవాళ్లు కొందరు జైల్లో ఉన్నారు, మిగతావాళ్లు తాళాలేసి ఎటో వెళ్లిపోయారు. వచ్చి తాళాలు తియ్యమని అధికారి పెదనాన్నకి కబురు పెట్టాడు.

చెయ్యి బెణికిందని చెప్పెయ్యమని పెద్దమ్మ గుడ్డ కట్టబోయింది. పెదనాన్న వద్దన్నాడు. చెయ్యి నయమయ్యాక మళ్లీ పిలుస్తారనీ, అప్పుడు కాలు బెణకాల్సి వస్తుందనీ అన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్లి, నేను తియ్యనని చెప్పాడు.

అధికారి కోప్పడలేదట. కుర్చీ చూపించి నెమ్మదిగానే అడిగాడట.

"మీరు తియ్యకపోతే ఆ తలుపులు తెరుచుకోవనుకుంటున్నారా?"

"పగలగొట్టుకోండి బాబూ. మీ దగ్గర గునపాలున్నాయిగా."

"పగలగొడితే జనం దౌర్జన్యం అంటారు."

"మరి నేను తీసిపెడితే ఏమంటారు?"

దానికి జవాబుగా మూడు నెలల జైలు వచ్చింది.

తర్వాత ఎదురు కొట్టులో తాళాలు బాగుచేసే ఆయన్ని పిలిచారు. ఏదో గిరాకీ గొడవతో ఆయనకీ పెదనాన్నకీ పదకొండేళ్లుగా మాటల్లేవు. ఈయన తీస్తాడనే అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం, ఆ తాళాలు తియ్యడం వాడికి చేతకాదు, నాకు చేతనవును, అయినా తియ్యను అన్నాడట. ఊళ్లో తాళాల పనివాళ్లు ఆ ఇద్దరే. ఇద్దర్నీ జైల్లో ఒకే గదిలో పెట్టారు.

చివరికి పట్టపగలు గునపాలతోనే మొదటి ఇంటి తలుపు పగలగొట్టి, సామాన్లు బండికెత్తడం మొదలెట్టారు. ఆ చప్పుడుకి వీధి వీధంతా బయటికొచ్చింది. అంతా చట్టప్రకారమే జరుగుతోందిలే అనుకున్నవాళ్లు విరిగిన చెక్కల్ని చూశారు, గోడకి వేలాడుతున్న పిల్లల స్కూలు సంచుల్ని చూశారు. పెదనాన్న కొడుకు రాయి తీశాడు. పెద్దమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఆ రాయి వేశావంటే రేపు అందరూ దాని గురించే మాట్లాడతారు. ఈ తలుపు ఎవరికీ గుర్తుండదు."

తనే వెళ్లి రెండో ఇంటి గడప మీద కూర్చుంది. పక్కన ఇంకొకరు కూర్చున్నారు. సాయంత్రానికి ఆ ఇళ్లలో ఏ గడపా ఖాళీ లేదు. గునపాలు పట్టినవాళ్లూ ఆ ఊరివాళ్లే, తెలిసిన మొహాల్ని ఈడ్చడానికి వాళ్లకి చేతులు రాలేదు. ఉత్తర్వు రద్దు కాలేదు, అమలూ కాలేదు. మరుసటేడు ఆ చట్టమే పోయింది.

మొదటి ఇంటివాళ్లకి మాత్రం ఏమీ మిగల్లేదు. వాళ్ల మాట వస్తే పెదనాన్న తల దించుకునేవాడు. పగలగొట్టుకోండని తేలిగ్గా అనేశాననీ, ఆ దెబ్బ ఇంకొకరి బతుకు మీద పడుతుందని ముందు తోచలేదనీ అనేవాడు.

మళ్లీ పిలిస్తే తీస్తావా అని ఓసారి అడిగాను.

"తియ్యను. కానీ ఈసారి ఆఫీసుకి వెళ్లను. తిన్నగా ఆ మొదటి ఇంటి గడప మీదికెళ్లి కూర్చుంటాను."