నవ్వితే తెరుచుకునే గేటు

సరిహద్దు చెక్‌పోస్టుకు బదిలీ అయి వచ్చిన అధికారిని ఆఫీసులో అందరూ ‘నిప్పు’ అనేవారు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఆయన పరాయివాళ్ల టీ చుక్క ముట్టలేదు. లారీ ఆగితే టార్పాలిన్ విప్పించి, సరుకంతా చూశాకే ముద్ర కొట్టేవాడు.

కొండల మధ్య రేకుల గది, గేటు, భార్య. మాట్లాడేందుకు మరో మనిషి లేడు. ఆయన జోకులు భార్యకు పెళ్లయిన ఏడాదే పాతబడిపోయాయి.

ఒకరోజు సిమెంటు లారీ వచ్చింది. అరిగిన చక్రాలు చూసి అధికారి తన బట్టతల నిమురుకుంటూ, “ఏంటయ్యా, నీ టైర్లకీ నా తలకీ ఒకడే మంగలా?” అన్నాడు.

డ్రైవరు పొట్ట పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. “చంపేశారు సార్!”

ఆయన చెవులు వేడెక్కాయి. ఉయ్యాల ఎక్కినట్టు ఒళ్లు తేలిపోయింది. ఆ ఊపులో తాళ్లు విప్పించడం మరిచి ముద్ర కొట్టేశాడు.

వారం తిరగకుండా డ్రైవర్లందరికీ సంగతి తెలిసిపోయింది. “సార్, ఆ మంగలి ముక్క మళ్లీ చెప్పండి!” ఆయన చెప్పేవాడు, వాళ్లు దొర్లేవారు, గేటు లేచేది. గడ్డం గీసుకుంటూ అద్దం ముందు కొత్తవి సాధన చేసేవాడు.

“వాళ్లు నవ్వేది జోకుకా, ముద్రకా?” అంది భార్య.

“నీకు కుళ్లు!” అన్నాడాయన.

తర్వాత టమాటాల వ్యాను నడుపుకుంటూ ఒకావిడ వచ్చింది. జోకు విని నవ్వలేదు. రెండోసారి చెప్పాడు.

“మొదటిసారే అర్థమైంది సార్. కాగితాలు చూడండి.”

ఆయనకు ఎక్కడో కాలింది. బుట్టలన్నీ దింపించి రెండు రోజులు ఎండలో ఉంచాడు. టమాటాలు చితికి కారుతుంటే, పక్కనుంచి పదకొండు లారీలు పకపకా నవ్వుతూ దాటిపోయాయి. అందులో ఒకటి సరిహద్దు అవతల పోలీసులకు దొరికింది: సిమెంటు బస్తాల కింద దొంగ కలప, కాగితం మీద ఈయన ముద్ర.

విచారణకు శాఖ పెద్దాయన వచ్చాడు. “ఏం తీసుకున్నారు?”

“ఏమీ లేదు సార్. నవ్వారు. అంతే.”

పెద్దాయనకు ఫక్కున నవ్వొచ్చింది. అధికారి ఛాతీ పొంగిపోయింది. “ఇంకోటుంది సార్!” అన్నాడు, ఆపుకోలేక. అన్నాక సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు. సామాను సర్దుతూ భార్య, “ఆ టమాటాల ఆవిడ ఇల్లు కనుక్కున్నాను. ముందు అక్కడికి పదండి,” అంది.

ఆవిడ గుమ్మంలో ఆయనకు ఒక్క చమత్కారమూ నోటికి రాలేదు. “తప్పయిపోయిందమ్మా,” అన్నాడు.

ఆవిడ పైనుంచి కిందికి చూసింది. “ఆ బుట్ట అటు పట్టండి.”

మధ్యాహ్నం దాకా ఆయనా, ఆవిడా కలిసి టమాటా బుట్టలతో వ్యాను నింపారు.